ఏ గదికి ఏ గొంతు?

కొత్త ఇల్లు కట్టుకొనేవారు కంటికి ఏమి కావాలో బహుదీర్ఘంగా ఆలోచిస్తారు. గోడల రంగుకు ఒక నెల, నేల టైల్సుకు ఒక నెల, వంటగట్టు గ్రానైటుకు ఇంకొక నెల. ముక్కు మీద కూడా దయ తలచి వంటింట్లో పొగలాగే గొట్టం ఒకటి పెట్టిస్తారు. చెవి వంతు వచ్చేసరికి మాత్రం, గృహప్రవేశమైన వారానికి బజారుకు వెళ్లి ఒక హోం థియేటరు తెచ్చి, హాల్లో టీవీ కింద బిగించి, ఇంటిల్లిపాది చెవులకూ కావలసినదంతా సమకూరినట్టే తృప్తి పడతారు. తక్కిన గదులది మూగనోము.

వినేది ఎవరు, వినేది ఏమిటి, వినే గది ఎటువంటిది అన్న మూడు ప్రశ్నలు తేలిన తరువాతనే యంత్రం మాట ఎత్తాలని నా అభిప్రాయం. మనవాళ్లు యంత్రంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు. ఆగిపోతే పోనిమ్మనవచ్చును గాని, దాని ఫలితాన్ని అనుభవించేది ఇంట్లోని పెద్దలు, వంటింట్లో నిలబడే ఆడవారు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ అనే గ్రంథంలో కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతం చేశాడు. అలంకారం ఎంత మేలైనదైనా చోటు తప్పితే నవ్వులపాలవుతుందని ఆయన వాదం. వడ్డాణం మంచిదే, మెడకు చుట్టుకొంటేనే చిక్కు. కావ్యానికి చెప్పిన ఈ మాట ఇంట్లో పెట్టుకొనే స్పీకర్లకు అక్షరాలా వర్తిస్తుంది. పడకగదికి తగినది హాలుకు చాలదు. హాలుకు తగినది పడకగదిలో పెడితే తలనొప్పి. ఖరీదు పెంచినంత మాత్రాన ఈ అనౌచిత్యం తీరదు.

ముందు గది సంగతి చూద్దాం.

స్పీకరు నుండి నేరుగా మన చెవికి చేరే ధ్వని కొంతే. మిగిలినదంతా గోడలకు, నేలకు, పైకప్పుకు తగిలి తిరిగి వచ్చేది. దీనిని మొదట లెక్క కట్టినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన వాలెస్ క్లెమెంట్ సాబిన్. అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో వక్త మాట ఎవరికీ అర్థం కాకపోవడంతో, 1895లో ఆ దోషం తీర్చే పని ఆయనకు అప్పగించారు. ఆయన దగ్గరలోని మరొక రంగశాల నుండి సీట్ల మీది దిండ్లు రాత్రివేళ మోయించుకొని వచ్చి, ఎన్ని దిండ్లు పరిస్తే ప్రతిధ్వని ఎంత త్వరగా అణగిపోతుందో కొలిచాడు. ఆయన ఎన్నుకొన్న కొలమానం నాకెంతో ముచ్చట గొలుపుతుంది. అది తెరిచిన కిటికీ! తెరిచిన కిటికీ గుండా పోయిన ధ్వని తిరిగి రాదు గనుక, ఏ వస్తువు ఎంత ధ్వనిని మింగుతుందో ఇన్ని అడుగుల తెరిచిన కిటికీతో సమానమని చెప్పవచ్చు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల ప్రకారం కట్టినదే.

ఆ సూత్రం పదవ తరగతి పిల్లవాడు కూడా చేయగలిగినంత సులభం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసికొని 0.161తో హెచ్చించాలి. దానిని ఆ గదిలోని మొత్తం తెరిచిన కిటికీ వైశాల్యంతో, చదరపు మీటర్లలో, భాగించాలి. వచ్చిన ఫలితం ధ్వని పదిలక్షలవ వంతుకు క్షీణించడానికి పట్టే సెకన్లు.

మన అపార్టుమెంటు హాలు ఒకటి తీసికొందాం. 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. సుమారు 79 ఘనపు మీటర్లు. నేల, కప్పు, నాలుగు గోడలు కలిపితే 115 చదరపు మీటర్ల ఉపరితలం. నున్నని సిమెంటు గోడ గాని, టైల్సు గాని తమ మీద పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులు మించి మింగవు. అంటే ఆ హాలు మొత్తానికి మూడున్నర చదరపు మీటర్ల కిటికీ తెరిచినట్టు. తలుపులు మూసిన ఖాళీ హాల్లో ధ్వని ఆరిపోవడానికి దాదాపు మూడున్నర సెకన్లకు పైన పడుతుంది. మాట స్పష్టంగా వినబడాలంటే అది అర సెకను పరిసరాల్లో ఉండాలి. ఒక తలుపు బార్లా తెరిస్తే చాలు, మూడున్నర చిల్లర కాస్తా రెండున్నరకు దిగుతుంది. మందపు పరదాలు, బట్ట సోఫాలు, ఒక జంపఖానా, పుస్తకాల బీరువా, నలుగురు మనుషులు చేరితే అర సెకను చిల్లరకు వస్తుంది. ఈ పరదాలు, జంపఖానాల ఖర్చును ఏ దుకాణదారూ హైఫై పద్దులో వ్రాయడు. నేను మాత్రం మొదటి పద్దుగా అదే వ్రాస్తాను.

నలభైమందిని కూర్చోబెట్టి ఉక్తలేఖనం చెప్పినవాడికి ఈ సూత్రం వేరే నేర్పనక్కరలేదు. తరగతి నిండా పిల్లలున్న నాడు చివరి బల్ల వరకు వత్తులు సరిగా పడతాయి. పండుగ మరునాడు పదిమందే వస్తే, అదే గది, అదే గొంతు, తప్పులు రెట్టింపు. గోడ మ్రోత పెరిగినందువల్ల వచ్చే తప్పులవి. దీనికి కారణం మన భాషాధ్వనుల స్వభావంలోనే ఉంది. అచ్చులు దీర్ఘంగా, బలంగా పలుకుతాయి. హల్లులు క్షణంలో పుట్టి పోతాయి, బలం తక్కువ. మ్రోగే గదిలో ముందరి అచ్చు తాలూకు ప్రతిధ్వని తరువాతి హల్లును కప్పివేస్తుంది. అప్పుడు ‘సకలం’ ‘శకలం’గా మారుతుంది. సర్వం కాస్తా ముక్క అవుతుంది. ‘దార’ ‘ధార’ అవుతుంది. గాంభీర్యం మాత్రం ఎక్కడా తగ్గదు, అర్థమే పోతుంది.

ఈ హల్లులలో సున్నితమైనవి శ, ష, స లు. ‘స’కారపు బలమంతా నాలుగు వేల హెర్ట్జ్‌లకు పైననే ఉంటుంది. వయస్సు పైబడినప్పుడు చెవి మొదట కోల్పోయేది కూడా ఆ పై శ్రుతులనే. కాబట్టి అరవై దాటినవారు, మ్రోగే హాలు, మంద్రం దట్టించిన స్పీకరు, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? టీవీలో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నారో తెలియదు. “ఏమన్నాడు?” అని పెద్దాయన అడుగుతారు. “సౌండు పెంచమంటారా నాన్నగారూ?” అని కొడుకు పెంచుతాడు. పెంచితే మ్రోత కూడా అంతే పెరుగుతుంది. మూడోసారి అడిగేసరికి “నాన్నగారికి చెవుడు వచ్చింది” అన్న తీర్పు వెలువడుతుంది. నాలుగోసారి ఆయన అడగడు. అర్థమైనట్టు తల ఊపుతూ కూర్చుంటాడు, లేదా లేచి తన గదికి పోతాడు. ఇంటి మధ్యలో కూర్చోవలసిన మనిషిని ఒక మూలకు నెట్టినది సగం చెవి, సగం టైల్సు. ఆ సగమైనా మన చేతిలో ఉన్నది గదా!

గదిని సరిచేసిన తరువాత కూడా మాట తెలియకపోతే సంకోచించక చెవి పరీక్ష చేయించుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకొన్నవాడిని గ్రుడ్డివాడనని లోకం, వినికిడి యంత్రం పెట్టుకొన్నవాడిని చెవిటివాడనడం మానవలసిన రోజులివి.

ఈ సందర్భంలో మన మండువా లోగిళ్లు గుర్తుకు రాక మానవు. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చతురం. సాబిన్ పండితుని పరిభాషలో చెప్పాలంటే అంతకంటె పెద్ద తెరిచిన కిటికీ లేదు. మధ్యాహ్నవేళ చావడిలో పురాణం చదివితే చుట్టూ ఉన్న నాలుగు వసారాలలో కూర్చున్నవారికి స్పష్టంగా వినబడేది. ఆ ఇళ్లు కట్టినవారు ధ్వనిశాస్త్రం చదివారని నేననను. ఎండకు, వానకు, గాలికి కట్టుకొన్న ఇల్లు చెవికి కూడా అమరింది. ఇవాళ వాటిని తిరిగి కట్టలేము. సిమెంటు పెట్టెలలో ఉంటూనే ఒక్కొక్క గది స్వభావం తెలిసికొని మసలుకోవాలి.

హాలుతో మొదలుపెడదాం. ఇక్కడ వినేది ముఖ్యంగా టీవీ మాట. పలుచని టీవీలలో స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకు తగిలి, తరువాత మన దగ్గరకు వస్తుంది. కాబట్టి మనకు ఎదురుగా తిరిగి పలికే రెండు స్పీకర్లో, ఒక సౌండ్ బారో పెట్టుకోవడం విలాసం క్రిందికి రాదు, అవసరమే. ఇంతకు మునుపే ఐదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ ఉన్న హోం థియేటరు కొన్నవారు ఒక పని చేయవచ్చు. సినిమాలలో సంభాషణ ఎక్కువగా నడిమి స్పీకరులో వస్తుంది. అమరికలలోకి వెళ్లి ఆ ఒక్కదానిని రెండు మూడు డెసిబెళ్లు పెంచి, సబ్‌వూఫరును బాగా తగ్గిస్తే పెద్దవారి ముఖం విప్పారడం మీరే చూస్తారు. బ్లూటూత్ ద్వారా టీవీకి స్పీకరు కలిపితే కొన్నిసార్లు పెదవి ముందు, మాట వెనుక అవుతుంది. తీగతో కలపడమే క్షేమం.

సబ్‌వూఫరు మీద మన జనానికి ఉన్న మోజు నాకు అంతుపట్టదు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుని ఆధారషడ్జం సుమారు 131 హెర్ట్జ్. దానికొక స్థాయి కిందనున్న మంద్రషడ్జం 65. ఐదో శ్రుతిలో పాడే గాయని ఆధారషడ్జం 196. కచేరీలలో గాయకులు మంద్రషడ్జానికి కిందికి దిగడం అరుదు. అరవై హెర్ట్జ్ వరకు శుద్ధంగా పలికే స్పీకరు ఉంటే మన గాత్రసంగీతానికి లోటుండదు. ముప్పై హెర్ట్జ్‌ల దగ్గర నేల అదిరించే పెట్టె మన సంగీతానికి పనికివచ్చేది స్వల్పం. కింది వాటా వారికి మాత్రం నిద్ర పట్టదు.

వాట్ల సంగతి కూడా ఇక్కడే ముగిద్దాం. అట్టపెట్టెల మీద పీఎంపీఓ అని వేలకు వేల వాట్లు అచ్చువేసే ఆచారం ఒకటి మన బజారులో చాలాకాలం నడిచింది. అది అతిశయోక్త్యలంకారం. స్వభావోక్తి కావాలంటే ఆర్ఎంఎస్ అన్నచోట ఎంత ఉందో చూడాలి. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే పదింతల శక్తి కావాలి. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో 60 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది. ఒక మధ్యరకం స్పీకరు ఒకే ఒక్క వాటుతో అదే దూరంలో 85కు పైన పలుకుతుంది. ఉన్నట్టుండి లేచే తాళవాద్యాల దెబ్బకు కొంత మిగులు ఉండాలి కాబట్టి ముప్పై, నలభై వాట్ల ఆంప్లిఫయరు ఏ ఇంటి హాలుకైనా సరిపోతుంది.

ఇక వంటిల్లు. ఈ వ్యాసంలో నేను గట్టిగా వాదించదలచినది దీని పక్షాననే. ఇంట్లో దినమంతటిలో ఎక్కువసేపు, ఎక్కువ శ్రద్ధగా వినేది ఎవరు? హాల్లో కూర్చున్నవారి కన్ను తెర మీద, చెవి ఫోను మీద ఉంటుంది. వంటింట్లో చేతులకు పని, కళ్లకు పని, చెవి ఒక్కటే ఖాళీ. భక్తిరంజని, వార్తలు, నాటకాలు, లలితసంగీతం తరాల తరబడి అన్నింటికంటె నమ్మకంగా విన్నది వంటిళ్లే. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి నిజమైన శ్రోతృసమాజం ఎక్కడుందని అడిగితే పొయ్యి దగ్గర ఉందంటాను. అటువంటి శ్రోతకు మనమిచ్చేది ఏమిటి? హాలుకు కొత్తది వచ్చినప్పుడు తీసివేసిన పాత డబ్బా, లేదా గిన్నెలో నిలబెట్టిన సెల్‌ఫోను. దీనిని పొదుపు అనడం నాకు సమ్మతం కాదు. ఇది అన్యాయం.

వంటింటికి పెద్ద యంత్రం అక్కరలేదు, సరియైన యంత్రం కావాలి. అక్కడ మనిషి ఒకచోట నిలబడదు. గట్టు నుండి సింకుకు, సింకు నుండి ఫ్రిజ్జుకు తిరుగుతూ ఉంటుంది. రెండు స్పీకర్ల స్టీరియో ఒకచోట కదలక కూర్చున్నవారి కొఱకు ఏర్పడినది. వంటింటికి ఒక్క మంచి స్పీకరు, రెండు పక్కల ధ్వనినీ కలిపి ఇచ్చేది, చాలు. కలిపి ఇవ్వడం ముఖ్యం. ఒక పక్క తీగ మాత్రమే తగిలిస్తే కొన్ని పాత స్టీరియో పాటలలో సగం వాద్యాలు మాయమవుతాయి. దానిని అలమర మీద ఎక్కడో పెట్టక, నూనె చిందని చోట, ఆవిరి తగలని చోట, నిలబడ్డ మనిషి చెవి ఎత్తున, రెండు మూడడుగుల దూరంలో పెట్టాలి. దూరం సగానికి తగ్గితే ఆరు డెసిబెళ్ల లాభం. అంత లాభం యంత్రం పెంచి పొందాలంటే నాలుగింతల శక్తి కావాలి. తిప్పే మీట గాని, నొక్కే బొత్తాము గాని ఉండాలి. పిండి చేతితో అద్దపు తెర మీద వేలు రాస్తే ఏ యంత్రమూ పలకదు. మిక్సీ తిరిగేటప్పుడు పోటీకి పెంచనక్కరలేదు, ఆ అర నిమిషం ఆగితే సరి. ఎఫ్ఎం వచ్చే రేడియో అయితే మరీ మంచిది. మీడియం వేవ్ ప్రసారానికి మన దేశంలో కేంద్రానికీ కేంద్రానికీ మధ్య ఉన్న ఎడమే 9 కిలోహెర్ట్జ్ గనుక నాలుగున్నర వేల హెర్ట్జ్ పైబడిన ధ్వనులకు అందులో చోటు తక్కువ. ఎఫ్ఎం 15 వేల వరకు మోయగలదు. ‘స’కారానికి ఈ తేడా ప్రాణాంతకం. రేడియో అందని ఊళ్లలో ఉన్నవారు ఆకాశవాణిని ఫోను ద్వారా కూడా వినవచ్చు, ఆ ఫోనును ఈ స్పీకరుకు కలిపితే సరిపోతుంది.

పడకగది సంగతి వేరు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదులు మన పట్టణాలలో కోకొల్లలు. చదరం వాస్తుకు మంచిదంటారు. చెవికి మాత్రం సమఘనం కంటె చెడ్డ ఆకారం లేదు. ప్రతి గదికి తన కొలతను బట్టి సొంత శ్రుతులుంటాయి. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర ఆ గది తానే గొంతు కలుపుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైతే మూడు దిక్కులా అదే శ్రుతి పలికి ముమ్మారు ఉబ్బుతుంది. అటువంటి గదిలో సబ్‌వూఫరు పెట్టడం కుండలో నగారా వాయించడమే. చిన్న స్పీకరు తలాపి వైపు, మూలకు నెట్టకుండా, ఒక చేతి దూరంలో పెట్టుకోవాలి. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి మంద్రాన్ని పెంచుతాయి. మెల్లగా విన్నప్పుడు మన చెవికి మంద్రశ్రుతులు ఎక్కువగా తగ్గినట్టు తోస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే నిరూపించారు. కొన్ని యంత్రాల మీద ‘లౌడ్‌నెస్’ అని ఉండే బొత్తాము ఆ లోటు తీర్చడానికే. రాత్రి మెల్లగా వినేటప్పుడు అది నొక్కవచ్చు, పగలు గట్టిగా వినేటప్పుడు తీసివేయాలి.

పక్కవారికి నిద్రాభంగం కాకూడదని హెడ్‌ఫోనులు పెట్టుకొనేవారికి ఒక హెచ్చరిక. 80 డెసిబెళ్ల దగ్గర వారానికి నలభై గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన హద్దు. ఆ పైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ కాలం సగమవుతూ పోతుంది. యువకులు ఈ లెక్క ఒకసారి వేసికోవాలి. పోయిన వినికిడి మందులకు తిరిగి రాదు.

చదువుకొనే గది ఉన్న అదృష్టవంతులు అసలైన హైఫై అక్కడ పెట్టాలి, హాల్లో కాదు. పుస్తకాల అలమరలు ధ్వనిని కొంత మింగి, కొంత చెదరగొట్టి గదిని మెత్తబరుస్తాయి. పుస్తకాలు కొనడానికి ఇంట్లో చెప్పుకోదగిన కారణం ఇది ఇంకొకటి! ఒక జత చిన్న స్పీకర్లు, ఒక నిరాడంబరమైన ఆంప్లిఫయరు, ఒక కుర్చీ. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కొక్కదానికి కుర్చీకి మధ్య అంతే దూరం ఉండేటట్టు సమబాహు త్రిభుజంగా అమర్చి, పై శ్రుతులు పలికే చిన్న గుండ్రం చెవి ఎత్తుకు వచ్చేటట్టు పెట్టుకోవాలి. వెనుక గోడకు ఒకటి రెండు అడుగుల ఎడం ఉంటే మేలు. తీగలకు వేలు పోయనక్కరలేదు. ఎలక్ట్రికల్ దుకాణంలో మీటర్ల లెక్కన అమ్మే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లు లాగినా దాని నిరోధం ఎనిమిది ఓముల స్పీకరులో నూటికి రెండు వంతులు కూడా ఉండదు.

చిన్న స్పీకరు అంటే చిన్నచూపు తగదు. 1970ల తొలినాళ్లలో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాలకు వెళ్లే వ్యానులలో వాడుకొనేందుకు ఎల్ఎస్ 3/5ఏ అనే స్పీకరును రూపొందించారు. ఎత్తు ఒక్క అడుగు, లోపలి చోటు ఐదు లీటర్లు. ఇరుకు చోటులో, దగ్గర కూర్చొని, మనిషి గొంతు ఉన్నదున్నట్టుగా వినడానికి తీర్చినది. యాభై ఏండ్లు దాటినా దానిని వెదకి కొనేవారున్నారు. దాని ఖరీదు పెట్టమని నేను చెప్పడంలేదు. చోటును ముందు చూచి, మాటను గీటురాయిగా పెట్టుకొని చేసిన వస్తువు ఎంతకాలం నిలిచిందో గమనించమంటున్నాను.

దుకాణంలో పరీక్ష కూడా మాటతోనే జరగాలి. వారు వినిపించేది వారి సరుకును మెప్పించే పాట. అందులో దుమదుమలు, జలజలలు తప్ప భాష ఉండదు. మీరు బాగా ఎరిగిన మనిషి గొంతును, తల్లిగారిదో, తమ్మునిదో, నిశ్శబ్దమైన చోట ఫోనులో రికార్డు చేసి పట్టుకొని వెళ్లండి. మహాప్రాణాలు, శషసలు, ణ ళ లు ఉన్న ఒక పేరా చదివించండి. ఆ మనిషి ఆ పెట్టె వెనుక కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటే అది మంచి స్పీకరు. జలుబు చేసినట్టు, డబ్బాలో తల పెట్టినట్టు ఉంటే, ఎంత పేరున్నదైనా వదలివేయవచ్చు. మాటను సరిగా పలికే స్పీకరు పాటను చెడగొట్టడం నేను ఎక్కడా వినలేదు. పాటలో అదరగొట్టి మాటను మింగేవి మాత్రం కోకొల్లలు.

దేవుని గదిలో రాతిపలకలు, చిన్న గూడు. అక్కడ మంత్రాలు వల్లించే పెట్టెను రాత్రింబవళ్లు పలికించడం నాకు సమ్మతం కాదు. యంత్రం చేసే జపంలో వినేవాడూ లేడు, చేసేవాడూ లేడు. ఇంట్లో ఒక్కచోటైనా గంట చప్పుడు, మనిషి గొంతు తప్ప వేరే ధ్వని లేకుండా ఉంచుకోవచ్చు. వసారాలో, బాల్కనీలో పెట్టదలచినవారు 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు జ్ఞాపకం ఉంచుకోవాలి. నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి పదింటి నుండి ఆరింటి వరకు 45 డెసిబెళ్లు. నియమం లేకపోయినా ఎదుటి ఇంట పరీక్షకు చదివే పిల్లవాడుంటాడు.

ఇప్పుడు అన్ని గదులకూ తీగలు లేకుండా ఒకే పాటను ఒకేసారి పంపే ఏర్పాట్లు వచ్చాయి. సాంకేతికంగా అద్భుతమే. అయితే ఇల్లంతా ఒకే పాట నిండితే, వినదలచనివాడు ఎక్కడికి పోవాలి? గదులు వేరువేరుగా కట్టుకొన్నది మనుషుల మనస్సులు వేళకొక తీరుగా ఉంటాయనే గదా. తాతగారికి వార్తలు, పిల్లకు చదువు, ఇల్లాలికి నాటకం, ఎవరికీ ఏమీ అక్కరలేని ఒక మూల. ఇవన్నీ ఒక కప్పు కింద ఇముడుతేనే ఇల్లు.

సినిమాను సినిమాహాలులో వలె వినాలి, లేకపోతే ఆ అనుభవమే లేదనే వాదం నేనెరుగుదును. అది కోరదగినదే. అందుకు విడిగా ఒక గది, మెత్తని గోడలు, బరువైన తలుపు సమకూర్చుకోగలవారు నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. నలుగురు మసలే టైల్సు హాల్లో, అన్నం తినే బల్లకు పది అడుగుల దూరంలో ఆ ఆర్భాటం పెట్టుకొంటే సినిమాహాలూ కాదు, ఇల్లూ కాదు.

చేతిలో నూరు రూపాయలుంటే నా పంపకం ఇది. హాలుకు పరదాలు, జంపఖానా, బీరువా కలిపి ఇరవై ఐదు. టీవీ మాట స్పష్టపడడానికి ఇరవై. వంటింటికి పది. ఒక్కటే స్పీకరు గనుక పదితో మేలైనదే వస్తుంది. చదువుకొనే గదికి ముప్పై ఐదు. పడకగదికి ఐదు. మిగిలిన ఐదు ఇంట్లో పెద్దవారి చెవి పరీక్షకు. చదువుకొనే గది లేనివారు ఆ ముప్పై ఐదును హాలుకు, వంటింటికి పంచవచ్చు. వంటింటి వాటా మాత్రం తగ్గించవద్దు.

బజారుకు బయలుదేరే ముందు ఒక్కొక్క గది నడుమ నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ‘టప్’ అని అక్కడికక్కడే ఆగిపోతే ఆ గదికి యంత్రం కొనవచ్చు. ‘ట్రింగ్’ మంటూ గోడల మధ్య సాగిందా, ముందు బట్టల కొట్టుకు వెళ్లి పరదాలు కొనండి. ఈ విషయంలో భిన్నాభిప్రాయం ఉన్న మిత్రులు తప్పక వ్రాయగలరు. ముందుగా చప్పట్లు కొట్టి చూచి మరీ వ్రాయవలసిందిగా మనవి.